ఉల్మ్ మ్యూన్‌స్టర్: బిషప్ లేని ఊరి మహా దేవాలయం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వచ్చే వారం మీలో చాలామంది జర్మనీలోని ఉల్మ్ వెళ్తున్నారు కాబట్టి, అక్కడ మ్యూన్‌స్టర్ అని పిలిచే పెద్ద చర్చిని తలెత్తి చూసి ఫోటో దిగి వచ్చేయకుండా ఏం చూడాలో, ఎందుకు చూడాలో ఇవాళ చెప్పుకుందాం. ఇక్కడ సివిల్ ఇంజినీర్లు కొంతమంది ఉన్నారన్నారు. వాళ్లకు ఇది ఇంకా బాగుంటుంది, ఎందుకంటే ఇది చాలా వరకు పగుళ్ల కథ.

స్టుట్‌గార్ట్ నుంచి మ్యూనిక్ వెళ్లే రైలు దారిలో, డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఊరు ఉల్మ్. ఐన్‌స్టీన్ పుట్టిన ఊరు. ఆయన పుట్టిన 1879 నాటికి ఈ చర్చి మొదలై ఐదు వందల ఏళ్లు దాటింది, టవర్ మాత్రం అప్పటికీ మొండిగానే ఉంది.

కొలతలు ముందే చెప్పేస్తాను. టవర్ ఎత్తు 161.53 మీటర్లు. చర్చి పొడవు 123.56, వెడల్పు 48.8 మీటర్లు. స్తంభాల వరసల మధ్య చర్చి పొడవునా సాగే భాగాన్ని నడవ అంటారు. మధ్య నడవ కప్పు 41.6 మీటర్ల ఎత్తున ఉంటుంది. పక్క నడవలవి 20.55. తూర్పున బలిపీఠం ఉండే భాగాన్ని క్వైర్ అంటారు, దాని కప్పు 26 మీటర్లు. ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది. 1890 నుంచి 2025 అక్టోబరు దాకా ప్రపంచంలో ఇంతకన్నా ఎత్తైన చర్చి లేదు. 2025 అక్టోబరు 30న బార్సిలోనాలోని సగ్రడా ఫమీలియా చర్చి దాన్ని దాటింది.

ఇంత పెద్ద చర్చి అనగానే అందరూ కెథడ్రల్ అనేస్తారు, గైడ్లు కూడా. కాదు. కెథడ్రల్ అంటే బిషప్ పీఠం ఉన్న చర్చి. ఉల్మ్ ఆ రోజుల్లో కాన్‌స్టాన్స్ బిషప్ కింద ఉండేది, ఈ ఊళ్లో బిషప్ ఎప్పుడూ కూర్చోలేదు. ఇది పారిష్ చర్చి. మన కతోలికులు విచారణ దేవాలయం అంటారు చూడండి, అదే. పెళ్లిళ్లు, జ్ఞానస్నానాలు, ఆదివారం పూజ, ఊరంతటికీ కలిపి ఒకే చర్చి. ఇదేదో పేరు గురించిన పట్టింపు కాదు. ఈ కట్టడంలో మీకు విచిత్రంగా కనిపించే ప్రతిదానికీ, చెడిపోయిన ప్రతిదానికీ మూలం అక్కడే ఉంది. కట్టించింది రాజు కాదు, బిషప్ కాదు, మఠం కాదు. బట్టల వ్యాపారం చేసుకునే ఒక ఊరు.

ఉల్మ్ సంపాదన ఎక్కువ భాగం ఫస్టియన్ అనే బట్ట మీద వచ్చింది. నిలువు పోగు నార, అడ్డ పోగు పత్తి. నార చుట్టుపక్కల పల్లెల్లోనే పండేది. పత్తి మధ్యధరా తీరాల నుంచి వెనిస్ మీదుగా ఆల్ప్స్ దాటి వచ్చేది. నేసిన తానుల నాణ్యత చూసి ముద్ర వేస్తేనే అమ్మకం. ఆ ముద్రకు యూరప్ అంతటా విలువ ఉండేది. ఊరు స్వతంత్ర నగరం, చక్రవర్తికి తప్ప ఏ ప్రభువుకీ లొంగదు.

అంత డబ్బున్నా ఊరి చర్చి మాత్రం కోట గోడ బయట, దాదాపు కిలోమీటరు దూరంలో పొలాల్లో ఉండేది. 1376లో నాలుగో చార్లెస్ చక్రవర్తి ఊరిని ముట్టడించినప్పుడు కోట తలుపులు మూసుకోవాల్సి వచ్చింది, చర్చేమో శత్రువు చేతిలో ఉన్న నేల మీద ఉండిపోయింది. మరుసటి ఏడాదే, 1377 జూన్ 30న, ఊరి పెద్ద లుట్జ్ క్రాఫ్ట్ గోడల లోపల కొత్త చర్చికి పునాది రాయి వేశాడు. పాత చర్చిని విప్పి, ఆ రాళ్లూ శిల్పాలూ తెచ్చి ఇందులో వాడుకున్నారు. ఇంకో లెక్క కూడా ఉంది. పాత చర్చి మీద హక్కులు రైఖెనావు మఠానివి. ఆ హక్కుల్ని ఊరు 1446లో కొనేసింది. అంటే కట్టడం మొదలుపెట్టిన డెబ్బై ఏళ్లకు గానీ తమ చర్చి పూర్తిగా తమ చేతికి రాలేదు.

లోపల ఒక స్తంభం మీద చిన్న ఉబ్బెత్తు శిల్పం ఉంది, పెద్ద పెద్ద వాటి మధ్య దాన్ని వదిలేయకండి. లుట్జ్ క్రాఫ్ట్, ఆయన భార్య ఇద్దరూ చర్చి నమూనాను చేతుల్తో పట్టుకొని మేస్త్రీ హైన్రిక్ వీపు మీద పెడుతుంటారు. మేస్త్రీ వంగిపోయి ఉంటాడు. డబ్బు పెట్టేవాళ్ల మొహాలు ప్రశాంతంగా ఉన్నాయి, బరువు మోసేవాడు ఎవరో కూడా స్పష్టంగానే ఉంది. (నవ్వులు)

అప్పటికి ఊరి జనాభా పదివేల చిల్లర ఉంటుందేమో. చర్చిలో మాత్రం ఇరవై వేల మంది నిలబడవచ్చని లెక్క చెబుతారు. మధ్యయుగంలో బెంచీలు ఉండేవి కావు, జనం నిలబడే ఉండేవారు, కాబట్టి ఆ అంకె మరీ నమ్మలేనిదేం కాదు. ఇప్పుడు కుర్చీలు వేస్తే దాదాపు రెండు వేల మందికి సరిపోతుంది. ఊరికి రెండింతలు జనం పట్టేలా కట్టడం అవసరం కోసం కాదు, చుట్టుపక్కల ఊళ్లు చూడాలని. నా అభిప్రాయం అడిగితే, ఈ అతిశయమే లేకపోతే ఇంజినీరింగ్ చరిత్రలో మనకు ఇంత మంచి పాఠం దొరికేది కాదు.

సరే, ఇప్పుడు నిర్మాణంలోకి వద్దాం. మొదట గీసిన పథకం ఇప్పుడు మనం చూసేది కాదు. పార్లర్ కుటుంబపు మేస్త్రీలు మొదలుపెట్టింది హాల్ చర్చి. హాల్ చర్చిలో మూడు నడవలూ ఒకే ఎత్తున ఉంటాయి. ఒక నడవ కప్పు పక్కకు తోస్తే పక్క నడవ కప్పు ఎదురు తోస్తుంది, అంతా ఒకదానికొకటి ఆనుకొని నిలబడుతుంది. చవకా, భద్రమూ కూడా. క్వైర్ ఆ కాలంలోనే మొదలైంది.

1392లో ఉల్రిక్ ఎన్‌సింగర్ అనే మేస్త్రీ వచ్చాడు. ఆయన పథకం మార్చేశాడు. మధ్య నడవను పక్క నడవలకు రెండింతల ఎత్తుకు లేపాలి, పడమర ముఖద్వారం మీద ఒకే ఒక్క బ్రహ్మాండమైన టవర్ నిలపాలి అన్నాడు. ఊరి పెద్దలకు నచ్చింది. ఆయన గొప్పవాడే, 1399లో స్ట్రాస్‌బర్గ్ వాళ్లు తమ టవర్ కోసం ఆయన్నే పిలిపించుకున్నారు. కానీ క్వైర్ అప్పటికే చిన్న పథకం ప్రకారం లేచింది. అందుకే దాని కప్పు 26 మీటర్ల దగ్గర ఆగింది, మధ్య నడవ 41.6కి పోయింది. తేడా 15.6 మీటర్లు. మీరు మధ్య నడవలో నిలబడి తూర్పుకు చూస్తే క్వైర్ తోరణం పైన పెద్ద ఖాళీ గోడ కనిపిస్తుంది. ఆ గోడ ఈ తేడా వల్ల పుట్టిందే. 1471లో దాని మీద అంత్యతీర్పు చిత్రం వేశారు. ఊరు ప్రొటెస్టంట్ పక్షానికి మారిన మతసంస్కరణ తర్వాత సున్నం కొట్టి కప్పేశారు, 19వ శతాబ్దంలో మళ్లీ బయటపడింది. చిత్రం బాగుంది అని ముందుకు వెళ్లిపోకండి. అది పథకం మారిన చోట పడిన అతుకు.

ఇంకో సంగతి గమనించండి. సిలువ ఆకారంలో అడ్డంగా వచ్చే భాగం ఈ చర్చికి లేదు. ఫ్రాన్స్ కెథడ్రళ్లలో గోడంతా గాజే అయినట్టు ఉంటుంది, ఇక్కడ పైగోడలో కిటికీలు తక్కువ, గోడ ఎక్కువ. ఆ గోడ కూడా చాలా వరకు ఇటుక. డాన్యూబ్ చుట్టూ మంచి చెక్కుడు రాయి దగ్గర్లో లేదు, దూరం నుంచి బండ్ల మీద రావాలి. అందుకని శిల్పం, కిటికీల జాలీ పని, టవర్ రాతితో, మిగతా గోడ చాలా వరకు ఇటుకతో. ఊరి ఖజానా లెక్క గోడ మీదే చదువుకోవచ్చు.

అప్పట్లో పని ఎలా నడిచేదో కొంచెం వివరంగా చెబుతాను, తర్వాత ఏం చెడిందో అర్థం కావాలంటే ఇది కావాలి.

గోడలు లేచాక ముందు చెక్క కప్పు వేస్తారు, రాతి కప్పు తర్వాత. ఈ చర్చిని 1405లోనే ప్రతిష్ఠ చేశారు, తాత్కాలిక కప్పు కిందనే పూజలు మొదలయ్యాయి. చెక్క కప్పు వానను ఆపుతుంది, దాని దూలాలకే మనిషి లోపల నడిస్తే తిరిగే చక్రపు క్రేన్ కడతారు. ఆ తర్వాత రాతి కమాను కప్పు మొదలవుతుంది. వడ్రంగులు ఒక్కో గదికి సెంట్రింగ్ చేస్తారు. మన దగ్గర స్లాబుకు చేసేలాంటి పరచిన సెంట్రింగ్ కాదు, రిబ్బుల, అంటే కప్పును మోసే రాతి పక్కటెముకల, దారిలో మాత్రమే వంపు తిరిగిన చెక్క చట్రాలు. వాటి మీద చెక్కిన రిబ్బు రాళ్లు రెండు వైపుల నుంచీ పేర్చుకుంటూ వచ్చి, మధ్యలో అన్నిటినీ బిగించే కీస్టోన్ దించుతారు. రిబ్బులు నిలబడ్డాక వాటి మధ్య ఖాళీలను తేలికైన ఇటుకతో నింపుతారు. సున్నం గట్టిపడ్డాక సెంట్రింగ్ మేకుల్ని కొద్దికొద్దిగా వదులు చేసి కప్పును మెల్లగా కూర్చోనిస్తారు. ఒక్కసారిగా లాగేస్తే కీళ్ల దగ్గర పగులుతుంది.

సున్నం గట్టిపడటానికి గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ కావాలి. పైపైన కొన్ని వారాల్లో గట్టిపడుతుంది, మందపాటి గోడ లోపల ఏళ్లు పడుతుంది. కాబట్టి ఏడాదికి ఇంతే ఎత్తు అని హద్దు ఉండేది. పనికాలం వసంతం నుంచి శరత్తు దాకా. చలికాలం రాకముందే గోడ తలల మీద గడ్డి, పేడ కప్పేసేవారు, లేకపోతే తడి సున్నంలో నీరు గడ్డకట్టి ఉబ్బి పై వరసల్ని లేపేస్తుంది. రాళ్లు చెక్కేవాళ్లు చలికాలమంతా షెడ్డులో కూర్చుని ఫర్మాల ప్రకారం ముక్కలు తయారు చేసి పెట్టుకునేవారు. ఆ కాలపు జర్మన్ కట్టడాల్లో చాలా రాళ్ల ముఖం మీద మధ్యలో వేలు పట్టేంత గుంట కనిపిస్తుంది. క్రేన్ పట్టకారు కొరికిన చోటు అది. చెక్కినవాడి గుర్తు దాని పక్కనే ఉండొచ్చు, నాలుగైదు గీతల గుర్తు.

ఎన్‌సింగర్ తర్వాత ఆయన కుటుంబంవాళ్లే, కొడుకు మాథ్యూస్, మనవడు మోరిట్జ్‌తో సహా, వరసగా మేస్త్రీలయ్యారు. 1449లో క్వైర్ కప్పు, 1450ల్లో పక్క నడవల కప్పులు, 1471లో మధ్య నడవ కప్పు పూర్తయ్యాయి. తర్వాత మాథ్యూస్ బోబ్లింగర్ వచ్చి టవర్‌ని దాదాపు 70 మీటర్ల దాకా లేపాడు. టవర్ మొత్తానికి ఆయన గీసిన పెద్ద బొమ్మ ఇప్పటికీ ఉంది.

1492లో టవర్ లోంచి రాళ్లు ఊడి పడ్డాయి. ఊళ్లో హాహాకారం. బోబ్లింగర్‌కు ఉల్మ్‌లో నూకలు చెల్లాయి, పని వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. పాపం, తప్పంతా ఆయనదేనా అంటే కాదు. ఆయన బరువు పెంచిన మాట నిజం, కానీ ఆ పునాదులు ఆయన వేసినవి కావు.

ఏం జరిగిందో చూద్దాం. టవర్ పడమటి కొసన నిలబడి ఉంది. దాని బరువు నాలుగు మూలల మీద పడుతుంది. పడమటి రెండు మూలలకు బయట భారీ బట్రెస్‌లు, అంటే గోడను ఆపే రాతి దిమ్మెలు, ఆనుగా ఉన్నాయి. తూర్పు రెండు మాత్రం చర్చి లోపలికి వచ్చిన స్తంభాలు, చుట్టూ తోరణాలతో ఖాళీ. టవర్ కింద నుంచి మధ్య నడవలోకి ఒక పెద్ద తోరణం, పక్కలకు ఇంకో రెండు. చూడటానికి అద్భుతం, విశాలంగా ఉంటుంది. కానీ మోసే రాయి తక్కువ. పైన 70 మీటర్ల రాయి పేర్చాక పునాది కుంగుతుంది. పక్కనే ఉన్న నడవ గోడ తేలిక కాబట్టి అది అంత కుంగదు. ఒకటి దిగి ఇంకొకటి దిగకపోతే రెండూ కలిసే చోట పగులు తప్పదు. దీనికి తోడు ఆ కాలపు మందపాటి స్తంభాల్లో సాధారణంగా బయట చెక్కుడు రాయి, లోపల సున్నంలో పోసిన రాళ్ల తుక్కు. తుక్కులో సున్నం పాలు ఎక్కువ కాబట్టి అది ఎక్కువ నలుగుతుంది, భారమంతా బయటి రాతి పొర మీదకు వస్తుంది, పొర ఉబ్బి పెచ్చులు రాలతాయి.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెద్ద మేస్త్రీలను పిలిపించి సలహా అడిగారు. చివరకు పని ఆగ్స్‌బర్గ్ మేస్త్రీ బుర్ఖార్డ్ ఎంగెల్‌బర్గ్ చేతికి వచ్చింది. నా లెక్కలో ఈ చర్చికి అసలు హీరో ఆయనే. పెద్ద టవర్ గీసినవాళ్ల పేర్లు అందరూ చెబుతారు, పడిపోకుండా ఆపినవాడి పేరు ఎవరూ చెప్పరు.

ఆయన మొదటి పని పునాది బలపరచడం. ఇలాంటి పని ఎలా చేస్తారంటే, పాత పునాది పక్కన చిన్న చిన్న గుంటలు తవ్వుతారు. ఒకేసారి బారుగా తవ్వేస్తే టవర్ మీద పడుతుంది. ఒక గుంటలో కొత్త రాతి కట్టు కట్టి, దాన్ని పాతదానికి బిగుతుగా చేర్చి, గట్టిపడ్డాకే పక్క గుంట ముట్టుకోవాలి. దాంతోపాటు టవర్ పక్క తోరణాల్ని గోడ కట్టి మూసేశాడు. అందం పోయింది, తూర్పు స్తంభాలకు ఆను దొరికింది. లోపలికి వెళ్లగానే టవర్ కింద మీకు ఆ మందం తెలుస్తుంది.

రెండో పని మీకు బాగా నచ్చుతుంది. పక్క నడవలు. మొదటి పథకంలో మూడు నడవలూ దాదాపు ఒకే వెడల్పు, ఒక్కోటి సుమారు 15 మీటర్లు. పక్క నడవకు అంత వెడల్పు చాలా అరుదు. కమాను కప్పు కిందికి మాత్రమే బరువు వేయదు, పక్కకు తోస్తుంది. నున్నటి గచ్చు మీద నిచ్చెన వాలిస్తే కాలు జారిపోదా, అదే ఇక్కడా. ఆ తోపును బయటి గోడ, బట్రెస్‌లు ఆపాలి. ఇక్కడ ఆ గోడలు బయటికి వాలడం మొదలుపెట్టాయి.

లెక్క చిన్నదే. కమాను తోపు వెడల్పు వర్గంతో పెరుగుతుంది, కమాను ఎత్తుతో తగ్గుతుంది. ఎత్తు అలాగే ఉంచి వెడల్పు సగం చేస్తే తోపు నాలుగో వంతుకు పడుతుంది. వెడల్పుతోపాటు ఎత్తూ సగమైతే తోపు సగమవుతుంది. ఎలా చూసినా లాభమే. ఎంగెల్‌బర్గ్‌కు ఈ సూత్రం కాగితం మీద తెలియదు, చేతికి తెలుసు. పాత కప్పులు విప్పేసి, ఒక్కో పక్క నడవ మధ్యలో సన్నని గుండ్రటి స్తంభాల వరస నిలిపి, రెండేసి చిన్న నడవలుగా చేసి కొత్త కప్పులు వేశాడు. 1502 నుంచి 1507 దాకా ఆ పని నడిచింది. మూడు నడవల చర్చి ఐదు నడవలదైంది. మధ్యలో నిలిపిన స్తంభాలకు రెండు వైపుల నుంచీ సమానమైన తోపు వస్తుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, స్తంభానికి మిగిలేది నిలువు బరువు మాత్రమే. అందుకే అవి అంత సన్నగా ఉండగలిగాయి. పైన కప్పు మీద రిబ్బులు నక్షత్రాల్లా, వలలా అల్లుకొని ఉంటాయి. చర్చిలో అన్నిటికన్నా అందమైన భాగం అదేనని చాలామంది అంటారు. అందం కోసం మొదలైంది కాదు, మరమ్మతు.

ఉత్తరపు పక్క నడవలో ఆ స్తంభాల వరస మధ్య నిలబడి, ఎడమా కుడీ కప్పులు చూడండి. తర్వాత మధ్య నడవ వైపు తిరిగి అక్కడి లావుపాటి పాత స్తంభాలు చూడండి. రెండింటి మధ్య తేడా ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఆ తర్వాత చరిత్ర కొంచెం వేగంగా చెప్పేస్తాను. 1530లో ఊరి పౌరులు ఓటు వేసి ప్రొటెస్టంట్ పక్షం ఎంచుకున్నారు. 1531లో విగ్రహాలు, యాభైకి పైగా బలిపీఠాలు తీసేశారు. ప్రతి సంఘం, ప్రతి ధనిక కుటుంబం తన పేరుతో ఒక పీఠం పెట్టుకోవడం పారిష్ చర్చిలో మామూలే, కాబట్టి పోయిన శిల్ప సంపద చిన్నది కాదు. మిగిలినవాటిలో యోర్గ్ జ్యూర్లిన్ బృందం 1469 నుంచి 1474 దాకా ఓక్ కర్రతో చేసిన క్వైర్ ఆసనాలు తప్పక చూడండి. వాటి కొసల మీద ప్రవక్తలు, సాధువులతో పాటు పైథాగరస్, సిసెరో, టాలమీ వంటి క్రైస్తవేతర పండితులు కూర్చున్నారు. చర్చిలో గ్రీకు గణిత పండితుడికి చోటు ఇచ్చారంటే ఊరి చదువుకున్నవాళ్ల అభిరుచి ఎలా ఉండేదో తెలుస్తుంది. ముఖద్వారం మధ్య స్తంభం మీద హాన్స్ ముల్ట్‌షర్ 1429లో చెక్కిన గాయాల క్రీస్తు ఉంది. బయట ఉన్నది నకలు, అసలుది లోపల.

1543లో పని ఆగిపోయింది. అప్పటికి టవర్ దాదాపు 100 మీటర్లు. డబ్బు లేదు, వ్యాపార దారులు మారిపోయాయి, మొన కమానుల గోథిక్ శైలి మీద మోజు కూడా పోయింది. మూడు వందల ఏళ్లు అలాగే ఉంది.

1844లో మళ్లీ మొదలైంది. ముందు చేసింది టవర్ కాదు. మధ్యయుగపు మేస్త్రీలు మధ్య నడవకు ఫ్లయింగ్ బట్రెస్‌లు, అంటే పక్క నడవల పైనుంచి వచ్చి గోడను ఆపే రాతి వారధులు, కట్టలేదు, 41 మీటర్ల ఎత్తున ఉన్న కప్పు తోపంతా ఇటుక గోడే మోస్తూ వచ్చింది. ఫెర్డినాండ్ థ్రాన్ అనే ఆయన ఆధ్వర్యంలో వాటిని కట్టారు. ఇప్పుడు బయట కనిపించే ఆ రాతి వారధులన్నీ 19వ శతాబ్దానివే, మధ్యయుగానివని పొరబడవద్దు. తర్వాత క్వైర్ పక్కనున్న రెండు టవర్లు, ఒక్కోటి 86 మీటర్లు. చివర పెద్ద టవర్, ఆగస్ట్ బేయర్ పర్యవేక్షణలో. లాటరీ టికెట్లు కూడా అమ్మి డబ్బు పోగుచేశారు. 1880లో కొలోన్ కెథడ్రల్ 157 మీటర్లతో పూర్తయింది. ఉల్మ్ వాళ్లు బోబ్లింగర్ గీసిన ఎత్తు కన్నా సుమారు పది మీటర్లు పెంచి, 161.53 దగ్గర 1890 మే 31న చివరి రాయి పెట్టారు. నాలుగు మీటర్ల తేడాతో ఒక పారిష్ చర్చి కెథడ్రల్‌ని దాటింది. యాదృచ్ఛికం అని నేననను. (నవ్వులు)

1944 డిసెంబరు 17 రాత్రి బాంబు దాడిలో పాత ఊరు చాలా వరకు కాలిపోయింది. చర్చి పెద్ద దెబ్బ తినకుండా మిగిలింది.

ఇక ఇప్పుడు ఏం చెడుతోంది, ఎలా బాగుచేస్తున్నారు. చర్చికి సొంత రాతి పనిశాల ఉంది, చెక్కేవాళ్లు శాశ్వత ఉద్యోగులు. పని ఎప్పటికీ అవదు. టవర్ శిఖరం జాలీ శిఖరం, అంటే ఎనిమిది రిబ్బుల మధ్య రాతి అల్లిక, మధ్యంతా ఖాళీ. గాలి దూరిపోతుంది, అది మంచిది. కానీ వాన కూడా దూరిపోతుంది. మామూలు గోడ ఒక్క వైపే తడుస్తుంది, ఈ రాయి అన్ని వైపులా తడుస్తుంది, అన్ని వైపులా గడ్డకడుతుంది.

మొదటి శత్రువు బొగ్గు పొగ. గాలిలోని గంధకం వానలో కలిసి, సున్నం అంశ ఉన్న ఇసుకరాయి మీద పడితే రాతిలోని సున్నం జిప్సమ్‌గా మారుతుంది. వాన నేరుగా కడగని చోట్ల అది మసితో కలిసి నల్లటి పెచ్చుగా గట్టిపడుతుంది. పెచ్చు కింద రాయి పొడి పొడి అవుతుంది, ఒకనాడు పెచ్చు ఊడి శిల్పం మొహం దానితో పాటే వస్తుంది. రెండోది ఇనుము. పాత రాళ్లను కలిపిన ఇనుప క్లాంపులు తుప్పు పడితే వాటి పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది, రాయి చీలిపోతుంది. మూడోది సిమెంట్. 19, 20 శతాబ్దాల్లో మంచి చేస్తున్నామనుకొని పాత రాతి కట్టడాల అతుకుల్లో సిమెంట్ పెట్టడం చాలాచోట్ల జరిగింది. సిమెంట్ రాయికన్నా గట్టి, నీరు వదలదు. లోపలి తేమ అతుకులోంచి కాక రాతిలోంచి బయటికి రావాలి, వస్తూ ఉప్పు తెచ్చి రాతి అంచుల్ని కొరికేస్తుంది. అతుకు ఎప్పుడూ రాయికన్నా మెత్తగా ఉండాలి. మన దగ్గర పాత గుళ్లకు సిమెంట్ పూసేవాళ్లకు కూడా ఈ మాట చెప్పాలి.

మరమ్మతు పద్ధతి ఇలా ఉంటుంది. చెడిన భాగాన్ని మంచి రాయి తగిలేదాకా, అంచులు నిటారుగా, చదరంగా కోసేస్తారు. అదే జాతి రాయి, అదే గట్టిదనం, అదే గరుకుదనం ఉన్నది తెచ్చి ముక్క చెక్కుతారు. గనిలో రాయి పొరలు ఏ దిక్కున పడుకున్నాయో గోడలో కూడా ఆ పొరలు అడ్డంగానే పడుకోవాలి. పొరలు గోడ ముఖానికి సమాంతరంగా నిలబడితే పుస్తకం పేజీల్లా ఒకటొకటిగా ఊడిపోతాయి. ముక్కను స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నుతో, సన్నటి సున్నపు అతుకుతో కూర్చోబెడతారు. బాగున్న రాయిని ఒక్క అంగుళం కూడా అనవసరంగా కొయ్యరు.

ఇంకొకటి, నవ్వుకోకండి. 2016లో వార్తల్లోకి కూడా వచ్చింది. రాత్రిళ్లు చౌకులో తాగి వచ్చేవాళ్లు చర్చి గోడల మూలల్లో మూత్రం పోయడం వల్ల అడుగు ఇసుకరాయి దెబ్బతింటోంది. ఉప్పు, ఆమ్లం రెండూ రాతిలోకి ఇంకుతాయి, ఎండినప్పుడు ఉప్పు స్ఫటికాలు ఉబ్బి రేణువుల్ని విడగొడతాయి. జరిమానా 50 యూరోల నుంచి 100కి పెంచారు. (నవ్వులు) అన్నాను కదా నవ్వొద్దని. ఈ సమస్య మనకు కొత్తదేం కాదు.

ఇక ప్రశ్నలు.

సభలోంచి ప్రశ్న: మెదక్ చర్చి కూడా గోథిక్ అంటారు కదండీ. దీన్ని చూసి కట్టినదేనా?

కాదండీ. మెదక్ చర్చి కట్టించింది ఇంగ్లండ్ వెస్లియన్ మిషన్ తరఫున చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అది ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దంలో మళ్లీ వాడుకలోకి వచ్చిన గోథిక్ దారి. మొన కమానులు, నిలువుగా లేచే టవర్ రెండింటికీ ఉమ్మడి. టవర్ సుమారు 53 మీటర్లు, అంటే ఉల్మ్‌లో మూడో వంతు. ఒక తేడా మాత్రం తమాషాగా ఉంటుంది. మెదక్‌లో బిషప్ పీఠం ఉంది కాబట్టి అది కెథడ్రల్. ఉల్మ్ ఇంత పెద్దదైనా కాదు.

ప్రశ్న: టవర్ ఎక్కొచ్చా? పిల్లలతో వెళ్లొచ్చా?

పైదాకా 768 మెట్లు అని లెక్క, పై వేదిక 143 మీటర్ల దగ్గర ఉంటుంది. మరమ్మతుల వల్ల పై భాగం తరచూ మూసి ఉంటుంది, వెళ్లే రోజు ఎంతదాకా తెరిచారో ముందు కనుక్కోండి. మెట్లు గుండ్రంగా తిరుగుతాయి, ఇరుకు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, ఎత్తు అంటే కళ్లు తిరిగేవాళ్లు ఎక్కవద్దు. ఎక్కేటప్పుడు 70 మీటర్ల దగ్గర చదరపు టవర్ అయిపోయి ఎనిమిది పలకల భాగం మొదలవుతుంది. చదరపు భాగం పై అంచు దగ్గర ఆగి రాళ్ల మీద ఉలి గీతలు చూడండి. కింద మధ్యయుగపు చేతి పని, ఇంకా పైకి పోతే 1880ల నాటి పని, నున్నగా, అంచులు పదునుగా ఉంటుంది.

ప్రశ్న: ఇంత చరిత్ర చెప్పారు, టవర్ ఇప్పుడైనా పూర్తిగా స్థిరంగా ఉందా?

ఉంది. అంత పెద్ద కట్టడం గాలికి, ఎండకు కాస్త కదులుతూనే ఉంటుంది, అది మామూలే. పాత పగులు కనిపించగానే భయపడాల్సింది లేదు, పగులు పెరుగుతోందా లేదా అన్నదే ప్రశ్న. పూర్వం పగులు మీద అడ్డంగా జిప్సమ్ పట్టీ పెట్టి తేదీ రాసేవారు. పట్టీ విరిగితే పగులు కదిలినట్టు. ఇప్పుడు అదే పనికి కొలిచే పరికరాలు పెడుతున్నారు. మీ ఇంట్లో గోడ బీట వారినా ముందు చేయాల్సింది అదే. పుట్టీ పెట్టి రంగు వేయకండి. తేదీ వేసి చూడండి, పగులు పెరుగుతుంటే మేస్త్రీని పిలవండి.